కురచ వైపు

కోచ్ హాస్కీ బోర్డు మీద గీతలు గియ్యడు.
క్యాంటీన్ బల్ల మధ్య ఉప్పు డబ్బా పెట్టి
"ఇదిగో, బంతి ఇక్కడుంది" అన్నాడు.
కుడిపక్క నాలుగు కెచప్ పొట్లాలు,
ఎడమపక్క రెండే.
చాలాసేపు చూశాం.
ఎవడో ఒకటి జేబులో వేసుకున్నాడనుకున్నాం.

"లైన్లో ఏడుగురుండాలని రూలు.
అటు ముగ్గురు, ఇటు ముగ్గురని
ఎక్కడ రాశారో చూపించండి."
ఆయన రూలు పుస్తకం చదివితే
వడ్డీవ్యాపారి ప్రోనోటు చదివినట్టుంటుంది.

అసలు కారణం ఆయన బల్ల మీద పెట్టలేదు.

వెండెల్ వొసికీకి కుడిచెవి వినపడదు.
బంతి కదిలే కేక వాడికి అందేది కాదు,
ప్రతిసారీ రెప్పపాటు ఆలస్యం, లేదా తొందర.
పసుపు గుడ్డ గాల్లోకి, మేం ఐదు గజాలు వెనక్కి.
రెండేళ్లు వాడి కుడిపక్కన గార్డుగా వంగున్నాను నేను.
బద్ధకం అనుకున్నాను.
ఒకసారి పైకే అన్నాను కూడా.

కనిపెట్టింది దాహిర్ వార్సామె, కుడి టాకిల్.
శనివారాలు ఇద్దరూ లారీలు కడిగే షెడ్డులో పని.
అక్కడ నీటిగొట్టాల హోరులో ఎవడి మాటా ఎవడికీ వినపడదు,
మోచేత్తో, మడమతో మాట్లాడుకోవాలి.
అందుకని వెండెల్‌ని నా పక్కనుంచి లేపి
బంతికి అవతల, దాహిర్ పక్కన పెట్టాడు కోచ్.
బూటుకు బూటు ఆనించి వంగున్నారు ఇద్దరూ.
దాహిర్ కాలు కదిలితే వెండెల్ కదిలేవాడు.
తర్వాత ఒక్క పసుపు గుడ్డ పడలేదు.

ఎడమపక్క మిగిలింది నేనూ, చివర్న బక్క ఎలియాసూ.
పన్నుపోయిన దవడలా ఉండేది మా వైపు.
"నువ్వు గెలవక్కర్లేదు" అన్నాడు కోచ్ నాతో.
"ఆలస్యం చెయ్యి, చాలు."

ఎదుటివాళ్లు బంతినే నడిమధ్య అనుకున్నారు.
బంతి దగ్గర్నుంచి వేళ్లు మడిచి
ఇటు ఇంతమంది, అటు ఇంతమంది అని సర్దుకున్నారు.
బరువు ఎటు జరిగిందో తెలిసేసరికి
మావాడు నాలుగు గజాలు, ఆరు గజాలు, ఒకసారి ఇరవై.
కేకలన్నీ కుడిపక్కే.
నా ప్యాంటుకి ఎక్కువ మట్టి కూడా అంటేది కాదు.

నెబ్రాస్కాలో అక్టోబరు గాలి
బీట్‌దుంపల వాసన మోసుకొస్తుంది.
ఆ రాత్రి వచ్చినవాళ్ల కోచ్ ముసలాయన,
మునివేళ్లతో గాలిలో లెక్కపెట్టి
తన జనాన్నంతా ఒక మనిషి మేర
కుడికి జరిపించాడు.
గోడ కట్టినట్టయింది.
మూడో ప్రయత్నంలో మావాడు గోడకే గుద్దుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క ప్రయత్నం. కావలసింది రెండు గజాలు.
కోచ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
గుంపులో మా క్వార్టర్‌బ్యాక్ "ఎడమకి" అంటే
ఎలియాస్ నా మొహం చూశాడు.

నా ఎదుట ఒక్కడే. నాకంటే ముప్పై పౌన్లు బరువు.
వాడికీ ఇటు ఎవరూ రారని తెలుసు,
కళ్లు అప్పుడే కుడికి తిరిగి ఉన్నాయి.
వాడి మోకాళ్లలోకి నా భుజం దూర్చాను.
పరుగు నేను చూడలేదు.
నా వీపు మీద ఒక అరచెయ్యి
దారి తడుముకుంటూ ఆని, వెళ్లిపోయింది.
లేచి చూస్తే తొమ్మిది గజాల అవతల
కుప్పగా పడి ఉన్నారు.

ఆట ఓడిపోయాం. ఆరు పాయింట్లు.

తిరుగు బస్సులో వెండెల్ వచ్చి నా పక్కన ఆగాడు.
కిటికీ వైపు నన్ను జరిపి,
తన ఎడమచెవి నాకేసి వచ్చేలా చూసుకుని కూర్చున్నాడు.
రెండేళ్లలో మొదటిసారి.
దుంపల లారీలు రెండు ఎదురుగా దాటిపోయాయి.
వాడేదో అడిగాడు.
నాకే వినపడలేదు.